కత్తెర పెట్టని చీర

నేస్తం,

ఎలా ఉన్నావు? మొన్న ఫోనులో ఏం చేస్తున్నావని నువ్వు అడిగితే "ఏదో కుట్టుపని" అని దాటేశాను. అసలు సంగతి, బొంత కుడుతున్నాను. అదీ చేత్తో. పగలబడి నవ్వుతావని తెలుసు. బడిలో కుట్టుపని పరీక్షకు నా చేతిరుమాలు కుట్టిపెట్టింది నువ్వే మరి.

అమ్మాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రజాయి కొనిస్తానంటే వద్దంటోంది. చిన్నప్పటి బొంతే కావాలట. అది పీలికలైపోయి ఎన్నేళ్ళయిందో! సరే, ట్రంకుపెట్టె తెరిచాను. పైనున్న పట్టుచీరలు మళ్ళీ లోపల పెట్టేశాను. పట్టు మడతల దగ్గర చిట్లుతుంది, జరీ గీరుకుంటుంది, కప్పుకోవడానికి పనికిరావు. అడుగున దొరికాయి అసలైనవి: అమ్మ వెంకటగిరి చీరలు రెండు, నాయనమ్మ మంగళగిరి చీర, నాన్న ఖాకీ చొక్కా, తాతయ్య పొందూరు పంచె. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారని తాతయ్య చెబితే మనం నమ్మలేదు, గుర్తుందా? నువ్వయితే చేప వాసన వస్తుందేమోనని ఆ పంచె కొంగు మూచూశావు కూడా!

అన్నీ ఉతికి ఆరేశానో లేదో మా మేనత్త దిగింది. దండెం మీద వాళ్ళమ్మ చీర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పోయినవాళ్ళ బట్టలు ఎవరైనా కప్పుకుంటారా? ఆ రోజే ఇచ్చేయమన్నానుగా."

నేను ఊరుకుంటానా? "అత్తా, మా అమ్మాయి పుట్టినప్పుడు పొత్తిళ్ళకు నాయనమ్మ పాతచీరే కదా చింపారు, చింపింది నువ్వే కదా" అన్నాను. "అప్పుడు మా అమ్మ బతికే ఉంది" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఓటమి ఒప్పుకోవడం మన వంట్లో లేదు కాబట్టి అమెరికా దాకా వెళ్ళాను. అలబామాలో గీస్ బెండ్ అని నల్లజాతి వాళ్ళ పల్లె ఒకటుంది, బొంతలకు పేరుపడ్డ ఊరు. 1942లో అక్కడ మిస్సూరి పెట్‌వే అనే ఆవిడ, భర్త పోయాక అతను పొలం పనికి వేసుకున్న బట్టలతోనే బొంత కుట్టుకుందని చెప్పాను. అత్త అంతా విని, "అక్కడ చలి ఎక్కువేమో" అని కాఫీ అడిగింది.

కాఫీ తాగుతూ తాగుతూ ఆవిడే మెల్లగా అంది: "కుట్టుకుంటే కుట్టుకో. కత్తెర మాత్రం పెట్టకు."

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆవిడ బాధంతా ఎక్కడుందో. బొంతలో ఉన్న సుఖమే అది, చూడు. ముక్కల దుప్పటికైతే బట్టలన్నీ చదరాలుగా కోయాలి. బొంతకు ఆ అవసరం లేదు. ఐదున్నర మీటర్ల చీరను మధ్యకు మడిస్తే రెండు పొరలు, ఎంత పొడుగు మనిషికైనా కాళ్ళు బయటకు రావు. నాయనమ్మ చీరను అలాగే మడిచి పైన వేశాను, నిజాం అంచులోని గోపురాల బొమ్మలు రెండు పక్కలా కనిపించేలా. అమ్మ చీరలు, పంచె దాని కిందికి పోయాయి. అమ్మ ఉంటే "నన్నెప్పుడూ ఆవిడ వెనకే ఉంచుతారు" అని ఉండేది, అందులో అబద్ధమూ లేదు. వెనకవైపు పొర అమ్మదే కాబట్టి బొంత తిరగేసి కప్పుకోమని అమ్మాయికి చెబుతాను.

నాన్న ఖాకీ చొక్కాతోనే చిక్కు. ఎన్ని ఉతుకులు పడ్డా ఆ బిరుసు పోలేదు, మనిషిలాగే. జేబు ఒక్కటి ఊడదీసి మూలన అతికించాను. చిల్లర ఉండేది కదా ఎప్పుడూ అందులో, మన పుల్ల ఐసుకు.

కుట్టడం చెబితే ఇంతే. చాప మీద పొరలు పరిచి, ముడతలు లేకుండా లాగి, మూలల్లో బియ్యం డబ్బాలు బరువు పెట్టి, ముందు పొడుగు టాకాలు వేసుకోవాలి. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి వరసగా దారం నడిపించడమే. మోకాళ్ళు పట్టేస్తాయి. ఇన్ని పొరల్లోంచి సూది లాగేసరికి వేళ్ళు పొక్కుతాయి. టీవీ ముందు కూర్చుని చేసే పని అనుకున్నాను గాని, కళ్ళు తిప్పితే వరస వంకర పోతుంది.

అత్త ఇంకా సూది ముట్టలేదు. కానీ రోజూ సాయంత్రం వస్తుంది, కళ్ళజోడు పెట్టుకుంటుంది, వేలు అడ్డం పెట్టి వరసల మధ్య ఎడం కొలుస్తుంది. "ఇక్కడ రెండు వేళ్ళు పడుతోంది" అంటుంది. నిన్న అయితే నేను కుట్టిన ఒక వరస మొత్తం విప్పించింది. మా ఆయన మాత్రం ఇదంతా చూసి, బజారులో ఇంతకంటే మంచిది దొరుకుతుందని సెలవిచ్చారు. ఆయన పాత లుంగీ ఒకటి అడుగు పొరలో వేసేస్తే ఆయనా కుటుంబంలో కలుస్తారని చూస్తున్నాను.

పండక్కి వస్తున్నావుగా, నాకో పని చేసిపెట్టు. మీ ఊరి బజారులో లావుపాటి ఎర్ర నూలు దారం రెండు ఉండలు తీసుకురా, ఉతికితే రంగు దిగనిది. ఇక్కడ కొన్నది నాయనమ్మ తెల్ల చీర మీద గులాబీ మరకలు వేసేలా ఉంది, అత్త కంట పడితే ఇంకేమైనా ఉందా!

నీ నేస్తం