ప్రత్యేక అవసరాలు గల సభ్యుల మధ్య పరిచర్య – వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ వందనాలు.

ప్రత్యేక అవసరాలు గల పిల్లలు, పెద్దలు ఉన్న ఇళ్లకు వెళ్లి ఈ ఏడాది మేము ముందుగా ఒక మాట అడిగాం: ఆదివారం మందిరానికి రావడానికి మీకు అడ్డేమిటి? మెట్లు, సౌండు బాక్సులు, పక్కవారి చూపులు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ మూడే వినిపించాయి.

మెట్ల సంగతి తేలిగ్గానే తెమిలింది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున ర్యాంపు ఉండాలి. మన అరుగు 2 అడుగులు కాబట్టి 24 అడుగులు కావలసి వచ్చింది. ముందువైపు అంత చోటు లేక పక్క వసారా వెంట మలుపు తిప్పి కట్టించాం. ఖర్చు వివరాలు కోశాధికారి గారి లెక్కల్లో చూడవచ్చు.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి డ్రమ్ముల హోరు ఒక్కసారిగా మొదలైతే భరించలేని బాధ. అందుకని ఉదయపు మొదటి ఆరాధనలో సౌండు బాగా తగ్గించాం. వెస్ట్రీ (ఆరాధనకు ముందు పాస్టర్ గారు సిద్ధమయ్యే గది) పక్క గదిలో చాపలు పరిచి, కిటికీలోంచి ప్రసంగ వేదిక కనిపించేలా ఏర్పాటు చేశాం. అక్కడ కూర్చునే ఒక బాబు, అందరూ ఆమేన్ అన్న కాసేపటికి తానొక్కడే గట్టిగా ఆమేన్ అంటాడు. ఇప్పుడు పాస్టర్ గారు ఆ గొంతు వినిపించేదాకా ఆగి, ఆ తర్వాతే దీవెన పలుకుతున్నారు.

అన్నిటికన్నా కష్టం చూపుల సంగతి. ‘ఎవరు చేసిన పాపమో’ అనే మాట మన మధ్యా వినిపిస్తోంది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ అదే. అతను గానీ, అతని తల్లిదండ్రులు గానీ చేసిన పాపం కాదని ప్రభువు చెప్పిన జవాబు యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. అయినా కొందరు బిడ్డ కనిపించగానే తల మీద చేయి ఉంచి స్వస్థత కోసం ప్రార్థన మొదలుపెడతారు. ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. కానీ వారం వారం పదిమందిలో తన బిడ్డ లోపాన్నే ఎత్తి చూపుతుంటే ఆ తల్లి ఎలా వస్తుంది? ముందు బిడ్డను పేరు పెట్టి పలకరించండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి చేయండి.

రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతును, అంటే సౌలు రాజు మనవణ్ణి, దావీదు రాజు తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాడు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి ఊరుకుంటే ఆ బల్ల దగ్గర చోటిచ్చినట్టు కాదని మా విభాగం గట్టిగా నమ్ముతోంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న మన యువకుడు ఇప్పుడు గుమ్మంలో కీర్తనల పుస్తకాలు అందిస్తున్నాడు. చూపులేని ఒక సోదరి బ్రెయిలీలో వాక్యపఠనం చేస్తున్నారు. వినికిడి లేని సభ్యుల కోసం సంజ్ఞా భాషలో ప్రసంగం అందించే సోదరుణ్ణి వేదికకు కుడివైపు, ముఖం మీద వెలుతురు పడేచోట నిలబెడుతున్నాం.

కాగితాల పనిలోనూ తోడు వెళ్లాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఉన్నవి 7 మాత్రమే. తమ బిడ్డ ఆ జాబితాలోకి వస్తుందని తెలియని తల్లిదండ్రులు మనలో ఇంకా ఉన్నారు. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) దరఖాస్తులతో పాటు ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని అవయవాల కదలిక అదుపు తప్పే స్థితి), మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిచ్చే ‘నిరామయ’ బీమా గురించీ చెబుతున్నాం.

‘మా తర్వాత వీడినెవరు చూస్తారు?’ అని అడగని తల్లి లేదు. ఈ నాలుగు వైకల్యాలు ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ చట్టబద్ధమైన సంరక్షకులను నియమిస్తుంది. వచ్చే ఏడాది ఈ దరఖాస్తుల్లో సాయపడటానికి సంఘంలోని న్యాయవాదులు ముందుకు రావాలి. నెలకో శనివారం మధ్యాహ్నం పిల్లల దగ్గర కూర్చుని, తల్లిదండ్రులకు కాస్త తీరిక ఇవ్వగలవారు కూడా కావాలి. ముందుగా చిన్న శిక్షణ ఉంటుంది. ఆరాధన ముగిశాక ర్యాంపు దగ్గర బల్ల మీద ఉన్న పుస్తకంలో పేర్లు రాయండి.

– కార్యదర్శి, పరిచర్య విభాగం