‘8 పాత్రలు ఉండాలి’ అంటే ఏ పాత్రలు?

సంపాదకులకు,

తెలుగు మెనూలున్న యాప్‌లలో ‘పాస్‌వర్డ్‌లో కనీసం 8 పాత్రలు ఉండాలి’ అన్న వాక్యం తరచూ ఎదురవుతోంది. దాని కిందే ‘ఒక ప్రత్యేక పాత్ర తప్పనిసరి’ అని ఇంకో ముక్క. ఇంగ్లీషు ‘క్యారెక్టర్’ను మక్కికి మక్కి దించిన ఫలితం ఇది. నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ అదే ‘క్యారెక్టర్’ పత్రికల్లో కోర్టు వార్తకు వచ్చేసరికి శీలం, ప్రార్థనా స్థలాల వివాదంలో స్వభావం, ఆన్‌లైన్ దరఖాస్తుల వార్తలో అక్షరాలు అవుతోంది. వీటిలో స్వభావం ఒక్కటే సరిగ్గా కుదిరింది. మిగతావి పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తున్నాయి. అనువాదం, డీటీపీ పనుల్లో రోజూ ఈ మాటతో కుస్తీ పట్టేవాళ్లం కాబట్టి నాలుగు సంగతులు రాస్తున్నాం.

మాట పుట్టింది గ్రీకులో. ఖరాస్సైన్ అంటే గీకడం, చెక్కడం. దాన్నుంచి ఖరక్తేర్: మొదట చెక్కే పనిముట్టు, తర్వాత నాణెం మీద బొమ్మ కొట్టే అచ్చు, ఆ తర్వాత అచ్చు వదిలిన గుర్తు. పాతకాలపు టంకశాలలో పని ఎలా జరిగేదో చూస్తే ఈ మూడర్థాలూ ఒకే చేతిలో కనిపిస్తాయి. కింది అచ్చును దాగలిలో బిగించేవారు. వెండి బిళ్లను కాల్చి దాని మీద పెట్టి, పైన రెండో అచ్చును నిలబెట్టి సమ్మెటతో కొట్టేవారు. రెండువైపులా బొమ్మ దిగేది. దెబ్బ పక్కకు జారితే రాజుగారి తల సగమే పడేది. సమ్మెట దెబ్బను నేరుగా తినేది పై అచ్చు కాబట్టి ముందు అరిగేదీ పగిలేదీ అదే. నాణెం ఎవరిదో, ఎంత చెల్లుతుందో చెప్పేది ఆ గుర్తే. అక్కణ్ణుంచి ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరుచేసి చూపే గుర్తు అన్న అర్థానికి ఎక్కువ దూరం లేదు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో ముఖస్తుతి చేసేవాడు, వాగుడుకాయ, పిసినారి లాంటి 30 రకాల మనుషులను వర్ణిస్తూ రాసిన చిన్న పుస్తకానికి ఈ పేరే ఉంది. లాటిన్, ఫ్రెంచి మీదుగా మాట 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. నాటకంలో వేషం అన్న అర్థం 17వ శతాబ్దంలో గానీ రాలేదు.

మన వైపూ టంకశాలే మాటలు పుట్టించింది. సంస్కృతంలో టంకం అంటే ఉలి, నాణెం కూడా. రూప్యం అంటే రూపు కొట్టినదని పాణిని సూత్రం. మన రూపాయి దాని సంతానమే. తెలుగు ‘అచ్చు’ గ్రీకు మాటకు ఇంకా దగ్గర చుట్టం. నాణేనికీ అచ్చే, పుస్తకానికీ అచ్చే, పిల్లవాడు అచ్చుగుద్దినట్టు తండ్రిలా ఉండటానికీ అచ్చే. తెలుగు బైబిల్‌లో హెబ్రీయులకు రాసిన పత్రిక (లేఖ) మొదటి అధ్యాయంలో ‘మూర్తిమంతము’ అని ఉన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది ఈ ఖరక్తేరే. ప్రకటన గ్రంథంలో నొసటి మీద వేసే ‘ముద్ర’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. ఆ అనువాదకులు ఎక్కడికక్కడ సందర్భం చూసి మాట ఎంచుకున్నారు.

ఇక పాత్ర. ‘పా’ అంటే తాగడం, తాగే గిన్నె పాత్ర. గిన్నెలో పోసింది నిలుస్తుంది, ఇచ్చినది నిలుపుకోగలవాడు పాత్రుడు. అపాత్రదానం, విశ్వాసపాత్రుడు అనేవి ఆ దారినే వచ్చాయి. అదే మాట నాట్యంలోనూ చేరింది. కూచిపూడిలో పాత్ర రంగం మీదికి వస్తూ తన్ను తాను పరిచయం చేసుకునేదే ప్రవేశ దరువు. చెక్కిన గుర్తుకూ తాగే గిన్నెకూ పుట్టుకలో చుట్టరికం లేదు, రంగస్థలం మీద మాత్రం వియ్యమందాయి. కాబట్టి కథ, నాటకం, సినిమా దాటితే క్యారెక్టర్‌కు పాత్ర పనికిరాదు. సినిమాలోనే కొన్నిచోట్ల కుదరదు. హీరో, విలన్, హాస్యం కాని తండ్రి, మామ, జమీందారు వేషాలు వేసేవాళ్లను పరిశ్రమ ‘క్యారెక్టర్ ఆర్టిస్టు’ అనే ఉంచేసింది. నంది పురస్కారాల్లో ఉత్తమ క్యారెక్టర్ నటుడి బహుమతికి ఎస్.వి.రంగారావు పేరే పెట్టారు. దాన్ని ‘పాత్ర నటుడు’ అంటే, పాత్ర వేయని నటుడెవడని అడుగుతారు. (పనిలో పనిగా, ‘కీలక పాత్ర పోషించారు’ అన్నదానికి మీ డెస్కు ఒక్క వారం సెలవిస్తే ధన్యులం.)

అసలు చిక్కు శీలంతో. సంస్కృతంలో శీలం అంటే నడవడి, అలవాటు. దానశీలి, శ్రమశీలి అన్నప్పుడు తెలుగులోనూ ఆ అర్థమే మిగిలింది. విడిగా వాడితే మాత్రం అది తిన్నగా ఆడవాళ్ల మీదికే పోతుంది. ‘శీలాన్ని శంకించి’ అన్న హెడ్డింగ్ కింద శంకకు గురైనవాడు మగవాడైన వార్త మాకు గుర్తు లేదు. ‘ఆమె క్యారెక్టర్ మంచిది కాదు’ అన్నప్పుడు ఇంగ్లీషు మాటకూ అదే ఇరుకు అర్థం అంటించేశాం. చట్టం చెప్పేది వేరు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 55వ సెక్షన్ వివరణ ప్రకారం క్యారెక్టర్ అంటే రెండూను: నలుగురిలో ఉన్న పేరు, మనిషికి సహజంగా ఉన్న స్వభావం. క్రిమినల్ కేసులో నిందితుడు తన మంచి నడవడిని సాక్ష్యంగా చూపుకోవచ్చని 53వ సెక్షన్. చెడ్డ నడవడిని ప్రాసిక్యూషన్ తనంతట తాను ఎత్తకూడదు, నిందితుడు మంచివాణ్ణని సాక్ష్యం ఇప్పిస్తేనే దానికి జవాబుగా ఎత్తాలని 54వ సెక్షన్. లైంగిక నేరాల కేసుల్లో సమ్మతి ప్రశ్న వచ్చినప్పుడు బాధితురాలి క్యారెక్టర్‌తో పనిలేదని 2013 సవరణతో చేరిన 53ఏ చెబుతుంది. ఆ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఈ సూత్రాలు కొనసాగుతున్నాయి. ఇంత జాగ్రత్తగా కట్టిన మాటను ‘బాధితురాలి శీలం’ అని రాస్తే, వద్దని చట్టం బయటికి నెట్టిన అనుమానమే హెడ్డింగ్‌లో తిష్ఠ వేస్తుంది. కోర్టు వార్తల్లో ‘నడవడి’ అనండి. పేరు గురించే అయితే ‘పేరు’ అనండి. బడి సర్టిఫికెట్లలో, పోలీసు విచారణల్లో ‘ప్రవర్తన’ స్థిరపడింది, చాలు. ‘వ్యక్తిత్వ హననం’ బాగా కుదిరిన మాట. 1991 ప్రార్థనా స్థలాల చట్టంలో, 1947 ఆగస్టు 15 నాటికి ఉన్నదే కొనసాగాలన్న ఆ క్యారెక్టర్‌కు ‘మతపరమైన స్వభావం’ చక్కగా సరిపోయింది.

చివరగా కంప్యూటర్ క్యారెక్టర్, అంటే యంత్రం విడిగా లెక్కపెట్టే ఒక్కో గుర్తు. దీన్ని అందరూ అక్షరం అనేస్తున్నారు. నష్టం ఇక్కడ డబ్బుల్లో, పేర్లలో కనిపిస్తుంది. తెలుగులో అక్షరమంటే పలుకులో ఒక ముక్క. ఉత్పలమాల పాదానికి 20, చంపకమాల పాదానికి 21 అని లెక్కపెట్టేది వాటినే. ‘స్త్రీ’ ఒకే అక్షరమని బడిపిల్లవాడైనా చెబుతాడు. యంత్రానికి అది 6 క్యారెక్టర్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూనికోడ్ (లిపుల్లోని ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం) తెలుగుకు ఇచ్చిన 128 గడుల్లో ఒత్తులకు వేరే గడులు లేవు. హల్లు కింద పొల్లు, దాని తర్వాత ఇంకో హల్లు వస్తే ఒత్తుగా గీయడం ఫాంట్ పని. గుణింతపు గుర్తు ప్రతిదీ ఒక క్యారెక్టరే. అందుకే ‘ఆంధ్రప్రదేశ్’ ఛందస్సుకు 4 (చివరి పొల్లు ముందు అక్షరంలో కలుస్తుంది), కంటికి 5, యూనికోడ్‌కు 12, ఆ సంఖ్యలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో క్యారెక్టర్‌కు 3 చొప్పున 36 బైట్లు.

‘లక్ష్మి’ అని టైపు చేసి మూడుసార్లు బ్యాక్‌స్పేస్ నొక్కి చూడండి. గుడి పోతుంది, మ పోతుంది, పొల్లు పోతుంది, ‘లక్ష’ మిగులుతుంది. పేరు గడిలో 4 క్యారెక్టర్ల దగ్గర కోత పడినా ఇదే ఫలితం. ‘వెంకటలక్ష్మి’ 12 క్యారెక్టర్లు, 36 బైట్లు. ఇంగ్లీషు పేర్లను దృష్టిలో పెట్టుకుని 30 బైట్ల గడి కట్టిన డేటాబేస్‌లో అది ‘వెంకటలక్ష్’ దగ్గర తెగుతుంది, లేదా మొత్తం దరఖాస్తునే తిప్పికొడుతుంది. గడి 32 బైట్లయి, ప్రోగ్రాం గుడ్డిగా కోస్తే పదో క్యారెక్టర్ తర్వాత రెండు బైట్లు అనాథలుగా మిగిలి నల్ల డైమండులో ప్రశ్నార్థకం కనబడుతుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో సెట్టింగ్ మార్చకపోతే నిడివి లెక్క బైట్లలోనే ఉంటుంది, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో క్యారెక్టర్లలో. గడి కట్టేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఎస్సెమ్మెస్ కథ ఇంకా ఖరీదైనది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 క్యారెక్టర్లు, తెలుగులో 70. పొడవు మించి ముక్కలైతే ముక్కకు 67. పూర్తిగా ఇంగ్లీషులో ఉన్న 160 క్యారెక్టర్ల సందేశంలో ఒక్కదాన్ని తెలుగు అక్షరంగా మార్చినా మొత్తం తెలుగు లెక్కలోకి జారి మూడు సందేశాలవుతుంది. బిల్లు మూడింటికీ పడుతుంది.

కంటికి కనబడని క్యారెక్టర్లూ ఉన్నాయి. ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. అదీ లెక్కలోకి వస్తుంది. ఒకరు పెట్టి ఇంకొకరు పెట్టకపోతే వెతుకులాటలో రెండూ వేర్వేరు మాటలవుతాయి. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. చూడ్డానికి తేడా ఉండదు, సరిచేసుకోని ప్రోగ్రాంకు మాత్రం రెండు ‘కై’లూ ఒకటి కావు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒక్క ముక్కగా పట్టుకునే నియమం చేర్చారు. పాత పద్ధతిలో నడిచే ప్రోగ్రాములు ‘క్ష్మి’ని ఇంకా క్, ష్, మి అని మూడు చేస్తున్నాయి.

అందుకని మా మనవి చిన్నది. దరఖాస్తుల వార్తల్లో ‘200 అక్షరాలు మించరాదు’ అని రాయకండి. ‘ఒత్తులు, గుణింతాలు, ఖాళీలు కలిపి 200 క్యారెక్టర్లు’ అని రాయండి. ఎక్సెల్‌లో ఎల్ఈఎన్ (LEN) ఫార్ములా పెడితే లెక్క తెలుస్తుందని ఒక వాక్యం చేర్చండి. ‘లక్ష్మి’కి అది 7 చూపిస్తుంది. పాస్‌వర్డ్ సంగతి రాయాల్సివస్తే ‘కనీసం 8 క్యారెక్టర్లు, అందులో ఒక అంకె, ఒక గుర్తు’ అంటే సరిపోతుంది.

– అనువాదం, డీటీపీ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు, విజయవాడ