జాంబియాకి మన సంఘం కానుక

విశాఖపట్నం,
అక్టోబరు 2024

ప్రియమైన అమ్మలూ,

ప్రభువు కృపవల్ల ఇక్కడ నేను, నాన్నగారు, నానమ్మ క్షేమం. నువ్వూ ఒంట్లో బాగున్నావని తలుస్తాను. మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండానే పెట్టేశాను, పొయ్యి మీద పులుసు మాడుతోంది మరి. "నిన్నగాక మొన్న విజయవాడలో బుడమేరు వరదకి ఇచ్చారు, ఇప్పుడు ఆఫ్రికాకా? మనవాళ్ళందరికీ కడుపులు నిండిపోయాయా?" అన్నావు. నువ్వొక్కదానివే కాదులే, కమిటీలోనూ ఆ మాట వచ్చింది.

ముందు అక్కడి సంగతి విను. జాంబియాలో వానాకాలం ఒక్కటే. నవంబరులో మొదలై ఏప్రిల్‌కల్లా సరి. ఈ ఏడు ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వానల్ని తారుమారు చేస్తుందే, అది) వల్ల సరిగ్గా మొక్కజొన్న పూత మీదున్నప్పుడు వాన మొహం చాటేసింది. ఫిబ్రవరి 29న అక్కడి ప్రెసిడెంటు హిచిలేమా జాతీయ విపత్తు అని ప్రకటించారు. 116 జిల్లాల్లో 84 దెబ్బతిన్నాయి, సుమారు 10 లక్షల హెక్టార్ల మొక్కజొన్న ఎండిపోయింది. వాళ్ళకి అన్నమంటే ఆ పిండి ఉడకబెట్టి చేసే న్షిమాయే. కరెంటూ చాలావరకు నీటి మీదే, కరీబా డ్యాములో నీళ్ళు అడుగంటాయి. మళ్ళీ పంట చేతికి రావాలంటే వచ్చే ఏప్రిల్ దాకా ఆగాలి. అంటే ఇప్పుడే అసలు గడ్డుకాలం.

వాళ్ళు మనకేమవుతారంటావా? 1805లో లండన్ మిషన్ వాళ్ళు మన విశాఖపట్నంలో దిగారని సండే స్కూల్లో చెప్పుకున్నారు కదా. ఆ మిషనే తర్వాత జాంబియాకీ వెళ్ళింది. 1977లో అది కౌన్సిల్ ఫర్ వరల్డ్ మిషన్‌గా మారి, ఒకప్పుడు దాని సాయం పుచ్చుకున్న సంఘాలు కూడా సభ్యులై సమానంగా కూర్చున్నాయి. అందులో మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఉంది, వాళ్ళ యునైటెడ్ చర్చ్ ఆఫ్ జాంబియా ఉంది. ఒక విధంగా పెద్దమ్మ పిల్లల వరస.

ఇక "మనవాళ్ళకి" అన్నావు చూడు, దానికే వస్తున్నాను. మనవాళ్ళ నోటి దగ్గరది తీసి ఎవరికీ పెట్టడం లేదు. వండేటప్పుడు పక్కన తీసిపెట్టే గుప్పెడు బియ్యం డబ్బు ఎప్పట్లాగే వితంతువులకే వెళ్తుంది. బుడమేరు డబ్బు లెక్క వేరే, రసీదులతో సహా అప్పజెప్పేశాం. జాంబియాకి పంపేది కోత పండుగలో తెచ్చిన కానుకల్ని వేలం వేసిన డబ్బు. ఏటా అది దేనికి పోతుందో నీకు తెలుసు. ఒక ఏడు రంగులు, ఒక ఏడు ఫ్యాన్లు, ఈ ఏడు కొత్త మైకు సెట్టు అనుకున్నారు. మైకు సెట్టు ఆగింది, అంతే! మన అవసరాలన్నీ తీరాక ఇద్దామని కూర్చుంటే మైకు సెట్టూ అవసరమే అవుతుంది, గేటుకి గ్రానైటూ అవసరమే అవుతుంది.

వేలం మాత్రం చూడవలసింది నువ్వు. పీఠం ముందు చాపల మీద చెరుకు గడలు, అరటి గెల, కోడిగుడ్లు, కాళ్ళు కట్టేసిన రెండు నాటు కోళ్ళు. పాత ఊరి నుంచి ఒకామె ఎండు నెత్తళ్ళు స్టీలు డబ్బాలో తెచ్చింది. ఆ వాసనకి ముందు వరస వాళ్ళు ముక్కు మూసుకుంటే, కోళ్ళేమో డబ్బా వైపే మెడలు సాచాయి. వేలంపాట పాస్టరు అయ్యగారే నడిపారు. ఒక ఆనపకాయ 600కి పోయింది. పాడుకున్నాయన తిరిగి చాప మీద పెట్టేశాడు, మళ్ళీ పాట! అలా నాలుగు చేతులు మారి చివరికి నానమ్మ ఒళ్ళోకి వచ్చింది. ఆ రాత్రి మనింట్లో పులుసు దాందే. నెత్తళ్ళు మీ నాన్నగారు పాడారు, ఎంతకో నన్నడక్కు.

చర్చి ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రిలో కొందరు చీరలు, బియ్యం మూటలు పంపుదామన్నారు. వద్దంటే వద్దని పట్టుబట్టాను. జాంబియాకి సముద్రమే లేదు, పక్క దేశం రేవులో దింపి లోపలికి మోయించాలి, బియ్యం ఖరీదు కంటే రవాణా ఎక్కువ. పక్కనే టాంజానియాలో మొక్కజొన్న దొరుకుతుంటే మన బియ్యం వాళ్ళకెందుకు? డబ్బు పంపితే వాళ్ళకేది కావాలో వాళ్ళు కొనుక్కుంటారు. పిండో, విత్తనాలో, బోరో.

యూత్ వాళ్ళు మన సంఘం పేరుతో బ్యానరు పంపి, పిల్లలు పళ్ళాలు పట్టుకున్న ఫోటోలు తెప్పిద్దామన్నారు. దానికీ అడ్డుపడ్డాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మన పైకప్పు రేకులు ఎత్తుకుపోయాక ఎవరో దుప్పట్లు పంచారు, గుర్తుందా? ఫోటో సరిగా రాలేదని నా చేత ఆ దుప్పటి వెనక్కి ఇప్పించి, మళ్ళీ చేతులు చాపించారు. దుప్పటి మంచిదే, ఇప్పటికీ వాడుతున్నాం. కానీ ఆ రెండోసారి చెయ్యి చాపడం ఉందే, అది ఇంకా మంటగానే ఉంది. లెక్క అడుగుదాం, తప్పులేదు. యెరూషలేము పేదలకి చందా తీసుకెళ్ళేటప్పుడు పౌలే, ఎవరూ తప్పు పట్టకుండా నమ్మకస్థుల్ని వెంట పంపాడు. లెక్క వేరు, ఫోటో వేరు.

పంపడం మాత్రం కవరులో పెట్టి ఇచ్చినంత తేలిక కాదట. ట్రస్టు సొమ్ము దేశం బయట ఖర్చుపెడితే, ఢిల్లీలో సి.బి.డి.టి. (ఆదాయపు పన్ను చూసే కేంద్ర బోర్డు) అనుమతి లేకుండా పన్ను మినహాయింపు దక్కదని మన ట్రెజరరు గారు చెప్పారు. అందుకని డయాసిస్ (బిషప్ గారి ఆఫీసు) ద్వారా చెన్నైలో సి.ఎస్.ఐ. పెద్ద సభ, సినడ్‌కి రాశారు. అక్కణ్ణుంచి మాట వచ్చేదాకా డబ్బు బ్యాంకులో విడిగా ఉంటుంది. మైకు సెట్టు వాళ్ళు దానివైపు చూడకుండా కాపలా కాయడం నా పని!

నీకు ఇవ్వాలనిపిస్తే నా ఖాతాలో వెయ్యకు, నా కూరగాయల డబ్బుతో కలిసిపోతుంది. చర్చి ఖాతాకే పంపి, దేనికోసమో రాసి, ట్రెజరరు గారికి ఫోను చెయ్యి. రసీదు నీ పేరుమీదే వస్తుంది. ఇవ్వబుద్ధి కాకపోతే మానెయ్, దానికి నేనేమీ అనుకోను. క్రిస్మస్‌కి టికెట్ మాత్రం ఇప్పుడే చేయించుకో. కిందటేడు వెయిటింగ్ లిస్టులో ఉండిపోయి మీ నాన్నగార్ని ఎంత కంగారుపెట్టావో!

నీ అమ్మ