ముందు పాత స్కోర్లు బయటికి తీసి పెట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

స్టాఫ్ నొటేషన్‌లో, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతిలో సంగీతం రాసుకునేవాళ్ల మధ్య ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే చర్చ, కంప్యూటర్‌లో స్కోర్లు (రాతలో ఉన్న సంగీతం) తయారుచేసే ఫినాలే వదిలేసి దేనికి మారాలి, అసలు మారాలా వద్దా అని. 1988లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఇక ఆపేస్తున్నామని మేక్‌మ్యూజిక్ సంస్థ 2024 ఆగస్టు 26న ప్రకటించింది. ఏడాది దాటాక కొత్త కంప్యూటర్‌లో ఆథరైజ్ చేసుకోవడం, అంటే లైసెన్స్ నమోదు చేసుకోవడం కుదరదని కూడా మొదట అన్నారు, వాడేవాళ్లు గట్టిగా నిలదీసేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. దాంతో చాలామంది హమ్మయ్య అనుకుని, ఇంకా తెరుచుకుంటోంది కదా, తొందరేముందిలే అని ఊరుకున్నారు. నాకు టెన్షన్ పుట్టించేది ఈ ఊరుకోవడమే, అందుకే ఈ ఉత్తరం.

ఆథరైజేషన్ ఉన్నంత మాత్రాన ప్రోగ్రామ్ నడుస్తుందని హామీ ఏమీ లేదు. విండోస్ మారుతూ ఉంటుంది, మ్యాక్ మారుతూ ఉంటుంది, ఆ మార్పులకు తగ్గట్టు ఫినాలేని సరిచేసేవాళ్లు మాత్రం ఇక లేరు. 2019లో మ్యాక్ ఓఎస్ కాటలీనా వచ్చినప్పుడు పాత తరం 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి, అలాంటిదే అయిన ఫినాలే 2014 మీద ఉండి కంప్యూటర్ అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు సొంత స్కోర్లే తెరుచుకోలేదు. అప్పుడైతే కొత్త వెర్షన్ కొనుక్కునే దారి ఉంది, ఇప్పుడు అదీ లేదు.

మన చర్చలన్నీ ఏ సాఫ్ట్‌వేర్‌లో సౌండ్స్ బాగున్నాయి, దేంట్లో షార్ట్‌కట్లు తేలిక అనే దగ్గరే తిరుగుతున్నాయి. అవీ చూసుకోవాల్సినవే, కానీ వాటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. దేనికి మారినా, మారకపోయినా, పాత ప్రోగ్రామ్ నడుస్తున్న ఈ రోజుల్లోనే ప్రతి స్కోర్‌నీ వేరే ప్రోగ్రాములు కూడా చదవగల మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్‌గా ఒకసారి, పీడీఎఫ్‌గా ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. ఒక్కో ఫైలు తెరిచి కూర్చోనక్కర్లేదు, ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్‌లోకి మార్చే సదుపాయం ఫినాలే ఎక్స్‌పోర్ట్ మెనూలోనే ఉంది. ఇది తెలియక ఎంతమంది వాయిదా వేస్తున్నారో అనిపిస్తుంది.

రెండూ ఎందుకంటే, ఒకటి లేకుండా రెండోది చాలదు. మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ అనేది ఏ ఒక్క ప్రోగ్రామ్‌కీ కట్టుబడని ఫార్మాట్, మైకేల్ గుడ్ రూపొందించగా 2004లో మొదటి వెర్షన్ వచ్చింది, ఇప్పుడు వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ ఆధ్వర్యంలోని ఒక బృందం చూసుకుంటోంది. స్వరాలు, వాటి కాలప్రమాణాలు, లిరిక్స్, స్లర్లు (స్వరాలను కలిపే వంపుగీతలు), డైనమిక్స్ (ఎంత గట్టిగా, ఎంత మెల్లగా అనే గుర్తులు) అన్నీ దాదాపు సరిగ్గానే అటువైపు చేరతాయి. చేరనివి పేజీ అమరిక, స్టాఫ్‌ల మధ్య దూరాలు, మనం చేత్తో జరిపిపెట్టుకున్న గుర్తులు, ప్లేబ్యాక్ కోసం చేసుకున్న సెట్టింగులు. ఇంకా పెద్ద చిక్కు ఎక్కడంటే, ఫినాలే నేరుగా చేయనివ్వని పనుల కోసం మనం పన్నిన ఉపాయాలన్నీ, అంటే కనపడకుండా దాచిన స్వరాలు, లేయర్ల మాటున పెట్టిన విరామాలు, స్వరంలా కనిపించే టెక్స్ట్, ఇవన్నీ కొత్త ప్రోగ్రామ్‌లో బయటపడి కూర్చుంటాయి. అప్పుడు అసలు ఆ పేజీలో ఏముండాలో చెప్పేది పీడీఎఫ్ ఒక్కటే. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో బార్‌కీ, అంటే ఒక్కో తాళ విభాగానికీ ప్రూఫ్ చూసుకోవాలి, ఇందులో దగ్గరదారి లేదు.

ఇక దేనికి మారాలి అంటే, నా మట్టుకు నాకు అది చేసే పనిని బట్టి తేలే విషయం. పెద్ద ఆర్కెస్ట్రా స్కోర్లు, ఒక్కో వాయిద్యానికి విడి పార్ట్‌లు నిత్యం తయారుచేసేవాళ్లకు డోరికో నప్పుతుందనుకుంటాను, బార్ మధ్యలో ఒక స్వరం ఇరికించినా తర్వాతవి వాటంతటవే సర్దుకునే తీరు దాని బలం. కాకపోతే ఫినాలే అలవాట్లతో దాని ముందు కూర్చుంటే మొదట్లో చేతులు కట్టేసినట్టు ఉంటుంది. కలిసి పనిచేసేవాళ్లంతా సిబేలియస్ ఫైళ్లే పంపుతుంటే సిబేలియస్‌లోనే ఉండటం మేలు. కాయిర్‌కి, చిన్న బృందాలకు, విద్యార్థులకు మ్యూజ్‌స్కోర్ ఉచితంగానే సరిపోతుంది, ముఖ్యంగా 2022 డిసెంబర్‌లో వచ్చిన నాలుగో వెర్షన్ తర్వాత దాన్ని తక్కువ అంచనా వేయడం అన్యాయం. లిలీపాండ్‌లో అంతా అక్షరాల్లో టైప్ చేయాలి, అందరికీ పట్టుబడదు.

పెద్ద కంపెనీది కొంటే నిశ్చింత అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. సిబేలియస్ సొంతదారైన ఆవిడ్ సంస్థ 2012లో దాని లండన్ ఆఫీసును మూసేసింది, అక్కడ పనిచేసినవాళ్లు చాలామంది స్టైన్‌బర్గ్ అనే మరో సంగీత సాఫ్ట్‌వేర్ సంస్థకి వెళ్లి 2016లో డోరికోని తెచ్చారు. సిబేలియస్ బతికే ఉంది, అది వేరే సంగతి, కానీ ఆ రోజుల్లో దాన్ని నమ్ముకున్నవాళ్లు పడ్డ ఆందోళన ఫినాలేవాళ్లు ఇప్పుడు పడుతున్నదే. మ్యూజ్‌స్కోర్ సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంటుంది, దాని ఫైలు విప్పి చూస్తే లోపల ఉండేది ఎక్స్ఎమ్ఎల్, అంటే సాదా టెక్స్ట్, తయారుచేసేవాళ్లు రేపు మానేసినా ఎవరో ఒకరు చదవగలరు. నేను ఈ గుణానికి సౌండ్స్ కన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

మారేవాళ్లకు ఇంకో మాట. చేతిలో గడువున్న పని ఉండగా మాత్రం మారొద్దు. దాన్ని పాతదాంట్లోనే పూర్తిచేసి, కొత్తదాంట్లో ఒక చిన్న రచనని మొదటినుంచీ రాయండి, ఇంపోర్ట్ చేసిన స్కోర్‌ని సరిచేస్తూ నేర్చుకుంటే తప్పు మనదో ఫైలుదో అర్థం కాదు. కొనేముందు ట్రయల్ వెర్షన్‌లోకి మీ స్కోర్లలో అన్నిటికన్నా చిక్కుగా ఉన్నదాన్ని తెచ్చి చూడండి, తేలికైన పాట ఎందులోకైనా చక్కగానే వస్తుంది. పాతవన్నీ కూర్చుని మార్చాల్సిన పనీ లేదు, ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకుంటే ఎవరైనా వాయిస్తామని అడిగినప్పుడు ఆ ఒక్కటీ సరిచేసుకోవచ్చు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, రాసినవాళ్లు లేకుండా పోయి ఫైళ్లు మాత్రమే మిగిలిన స్కోర్లు. కాయిర్ల దగ్గర, సంగీత పాఠశాలల్లో, చనిపోయిన స్వరకర్తల ఇళ్లలో ఇలాంటివి హార్డ్‌డిస్కుల్లో పడి ఉంటాయి, వాళ్లకు ఫినాలే ఆగిపోయిందన్న కబురు కూడా అంది ఉండదు. మీ పత్రిక చదివేవారిలో అలాంటి ఫైళ్లు ఉన్నవాళ్లు ఉంటే, ఫినాలే లైసెన్స్ ఉన్న తెలిసినవాళ్లెవరికైనా ఇచ్చి మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్, పీడీఎఫ్ రెండూ తీయించుకుని వేరే చోట ఒక కాపీ దాచుకోండి. లైసెన్స్ ఉన్నవాళ్లను కూడా అడుగుతున్నాను, ఎవరైనా అలా వస్తే కాదనకండి.

ఇట్లు,
స్కోర్లు రాసుకునే ఒక పాఠకురాలు