గాయం గురించి చెప్పడానికి స్వర్ణం గెలిచేదాకా ఆగాలా? కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా సమాఖ్యల్లో క్రీడాకారుల కమిటీలకు చోటిచ్చింది, వివాదాల విచారణకు ట్రైబ్యునల్‌ను ఏర్పాటు చేయమంది. గాయపడిన క్రీడాకారిణి మాటకు ఈ కొత్త వ్యవస్థలో ఎంత విలువ ఉంటుందన్నది మాత్రం మీ శాఖ, సమాఖ్యలు రాసుకునే నియమాలను బట్టే తేలుతుంది. అందుకే దక్షిణ కొరియా షట్లర్ ఆన్ సె యంగ్‌కు ఎదురైన అనుభవాన్ని మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

తెలుగువాళ్లకు కొరియా బ్యాడ్మింటన్ పరాయిది కాదు. 2019లో బాసెల్‌లో పి.వి. సింధు ప్రపంచ విజేత అయినప్పుడు ఆమె ఆటను సానబెట్టినవారిలో కొరియా కోచ్ కిమ్ జి హ్యున్ ఒకరు. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు పక్కన ఉన్నది మరో కొరియా కోచ్ పార్క్ టే సాంగ్. బాసెల్ విజయం జరిగిన కొద్ది వారాలకే డెన్మార్క్ ఓపెన్‌లో సింధును ఓడించిన పదిహేడేళ్ల అమ్మాయే ఆన్ సె యంగ్.

2002లో పుట్టిన ఆమె గ్వాంగ్జు నగరంలో పెరిగింది. 2017 చివరలో, ఇంకా మిడిల్ స్కూల్లో ఉండగానే, సెలక్షన్ పోటీల్లో సీనియర్లను ఓడించి జాతీయ జట్టులోకి వచ్చింది. 2018 ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే చైనా క్రీడాకారిణి చెన్ యు ఫెయ్ చేతిలో ఓడింది, టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లోనూ అదే ప్రత్యర్థి ఆమెను ఆపింది. ఆ ఓటములతో ఆమె ఆట రాటుదేలింది. కోర్టులో ఏ మూలకు వేసినా షటిల్‌ను తిరిగి పంపుతూ, ర్యాలీని పొడిగించి ప్రత్యర్థి ఓపికను హరించడం ఆమె పద్ధతి. 2023లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్, ప్రపంచ నంబర్ వన్ స్థానం, కోపెన్‌హాగెన్‌లో కరోలినా మారిన్‌పై ప్రపంచ టైటిల్ వరుసగా దక్కాయి.

ఆ పద్ధతి భారమంతా మోకాళ్ల మీదే పడుతుందని చైనాలోని హాంగ్జౌ చూపించింది. 2023 అక్టోబర్ 7న అక్కడ ఆసియా క్రీడల ఫైనల్లో మళ్లీ చెన్ యు ఫెయ్‌తో ఆడుతుండగా తొలి గేమ్‌లోనే ఆమె కుడి మోకాలికి గాయమైంది. ప్రేక్షకుల్లో కూర్చున్న తల్లి ఇక ఆపేయమని కేక వేసిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆమె ఆపలేదు. 21-18, 17-21, 21-8తో గెలిచింది. ఆ మ్యాచ్‌ను దేశభక్తికి నిదర్శనంగా చెప్పుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. నాకు మాత్రం అందులో ఒక ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి శరీరాన్ని కాపాడవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నే ముందు కనిపిస్తుంది.

మోకాలి స్నాయువు గాయాన్ని మొదటి పరీక్షలో సరిగ్గా అంచనా వేయలేదని, అది త్వరగా తగ్గేది కాదని తర్వాతే తెలిసిందని, పారిస్ ఒలింపిక్స్ దాకా నొప్పితోనే ఆడక తప్పదని 2024 మేలో ఆమే ప్రకటించింది. ఒలింపిక్స్‌కు ముందే, ఆమె ఎంతో నమ్మిన ట్రైనర్ ఒప్పందం ముగిసిపోయింది. పారిస్‌లో క్వార్టర్స్‌లోనూ సెమీస్‌లోనూ తొలి గేమ్ కోల్పోయి కూడా గెలిచి, ఆగస్టు 5న ఫైనల్లో హె బింగ్ జియావోను 21-13, 21-16తో ఓడించింది. 1996 అట్లాంటాలో బాంగ్ సూ హ్యున్ గెలిచిన తర్వాత కొరియాకు మహిళల సింగిల్స్‌లో వచ్చిన తొలి స్వర్ణమది. పతకం అందుకున్న రోజే ఆమె, తన గాయం అనుకున్నదానికంటే తీవ్రమైనదని, జాతీయ జట్టు దాన్ని తేలిగ్గా తీసుకుందని, ఇకపై ఆ జట్టుతో కొనసాగడం కష్టమని విలేకరులతో చెప్పింది.

దేశం సంబరాల్లో ఉన్న వేళ ఆ మాటలేమిటని కొందరు నొచ్చుకున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది కానీ, పతకానికి ముందు అదే మాట అని ఉంటే ఎవరు పట్టించుకునేవారు? స్వర్ణం చేతిలో ఉంది కాబట్టే కొరియా క్రీడల మంత్రిత్వశాఖ విచారణకు దిగింది. స్పాన్సర్ సంస్థ రాకెట్, బూట్లే వాడాలన్న నిర్బంధం, కోచ్ ఆదేశాలకు విధేయులై ఉండాలన్న నియమం, జాతీయ జట్టు వెలుపల ఉన్నవారు అంతర్జాతీయ టోర్నీలు ఆడాలంటే నిర్దిష్ట వయసు దాటాలన్న షరతు ఆ విచారణతోనే చర్చకు వచ్చాయి. 2025 జనవరిలో, ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డబుల్స్ స్వర్ణం గెలిచిన కిమ్ డాంగ్ మూన్ కొరియా బ్యాడ్మింటన్ సంఘం అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. వ్యక్తిగత స్పాన్సర్‌షిప్‌కు దారి తెరుచుకుంది. అదే ఏడాది ఆన్ సె యంగ్ మన ఇండియా ఓపెన్‌తో కలిపి పదకొండు టైటిళ్లు గెలిచి, ఒకే ఏడాదిలో అత్యధిక సింగిల్స్ టైటిళ్లకు 2019లో జపాన్ ఆటగాడు కెంటో మొమోటా నెలకొల్పిన రికార్డును సమం చేసింది. గొంతు విప్పితే జట్టు క్రమశిక్షణ చెడుతుందని భయపడేవారు ఈ సంగతిని గమనించాలి.

మంత్రి గారూ, మన దగ్గర స్పాన్సర్ల విషయంలో అంత బిగింపు లేదు, ఒప్పుకుంటాను. గాయాల సంగతి వేరు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో సింధు చీలమండ నొప్పితోనే ఆడి స్వర్ణం తెచ్చింది, ఆ ఎముకలో పగులు ఉన్నట్టు తేలడంతో ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌కే దూరమైంది. సింధు స్థాయి ఉన్నవారికి సొంత ఫిజియో, సొంత వైద్యులు ఉంటారు. రాష్ట్ర స్థాయి దాటి ఇప్పుడిప్పుడే జాతీయ శిబిరంలో అడుగుపెట్టిన పదహారేళ్ల అమ్మాయికి ఎవరున్నారు? నొప్పి ఉందంటే స్థానం పోతుందేమోనని ఆమె భయపడితే, ఆ భయాన్ని తీర్చే నియమం ఎక్కడుంది?

కనుక నా విన్నపం ఇది. శిబిరంలో గాయపడిన ప్రతి క్రీడాకారిణికీ సమాఖ్యతో సంబంధం లేని మరో వైద్యుడి అభిప్రాయం తీసుకునే హక్కును నియమాల్లోనే రాయించండి, ఆ ఖర్చు సమాఖ్యే భరించాలి. ఆ వైద్య నివేదిక ముందుగా ఆమె చేతికే అందాలి. చికిత్స మీద ఫిర్యాదు చేసినందుకు సెలక్షన్‌లో ఎవరినీ పక్కన పెట్టకూడదు, అలా పెట్టారన్న అనుమానం వస్తే కారణాలను రాతపూర్వకంగా క్రీడాకారుల కమిటీ ముందు ఉంచే బాధ్యత సెలక్టర్లదే కావాలి. ఈ మూడు అంశాలపై బ్యాడ్మింటన్ సమాఖ్యతోనే కాక, జాతీయ శిబిరాల్లో ఉన్న జూనియర్ క్రీడాకారులతోనూ, వారి తల్లిదండ్రులతోనూ నేరుగా మాట్లాడి, మీ నిర్ణయాన్ని బహిరంగంగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక బ్యాడ్మింటన్ అభిమాని,
హైదరాబాద్