క్యాసినో మర్యాదల వెనకున్న లెక్క ఆటగాడికీ తెలియాలి

సంపాదకులకు నమస్కారాలు.

సెలవుల ప్రయాణాల గురించి మీ ప్రవాస పేజీలో వచ్చే వ్యాసాల్లో, అట్లాంటిక్ సిటీకి, లాస్ వేగాస్‌కు తరచుగా వెళ్లేవారికి అక్కడి క్యాసినో హోటళ్లలో గది, భోజనం ఉచితంగా దొరుకుతాయన్న మాట అప్పుడప్పుడు కనిపిస్తోంది. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ గది ఎవరికి, ఏ లెక్క మీద ఇస్తారో కూడా అక్కడే రాయకపోతే పాఠకులకు సగం సంగతే చెప్పినట్టవుతుంది. నేను న్యూజెర్సీలో ఆదాయపు పన్ను పత్రాలు తయారుచేసే వృత్తిలో ఉన్నాను. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా, క్యాసినోలు తమ ఆటగాళ్లకు ఇచ్చే వార్షిక గెలుపోటముల పత్రాలు నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటి మీద మన తెలుగువాళ్ల పేర్లు కూడా కనిపిస్తుండటం వల్లనే ఈ లేఖ రాస్తున్నాను.

ఆటగాడు బల్ల దగ్గర కూర్చోగానే, క్యాసినో తన పేరు మీద ఇచ్చిన ప్లేయర్ కార్డును ఆట నడిపే డీలర్ ముందు పెడతాడు. వెనక నిలబడి ఉన్న ఫ్లోర్ సూపర్‌వైజర్ ఆ కార్డు తీసుకుని, అతను ఎంత డబ్బుకు చిప్స్ (పందేనికి వాడే బిళ్లలు) కొన్నాడు, సగటున ఒక్కో పందెం ఎంత కాస్తున్నాడు, ఎప్పుడు కూర్చుని ఎప్పుడు లేచాడు అన్న వివరాలు కంప్యూటర్లో నమోదు చేస్తాడు. స్లాట్ మెషీన్ దగ్గరైతే ఈ పనికి మనిషి కూడా అక్కరలేదు. కార్డు లోపల పెట్టిన క్షణం నుంచి ప్రతి నొక్కునూ యంత్రమే లెక్క పెట్టుకుంటుంది. ఈ వివరాల నుంచి క్యాసినో తేల్చేది ఒక్కటే: ఇలా ఆడే మనిషి సగటున తమకు ఎంత వదులుకుంటాడు? ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈ అంకెను ‘థియో’ అంటారు. అంకెలున్న చక్రం తిప్పి, బంతి ఏ అంకె మీద ఆగుతుందో పందెం కాసే ఆట రౌలెట్. చక్రం మీద రెండు సున్నాలున్న అమెరికన్ రౌలెట్‌లో దాదాపు ప్రతి పందెం మీదా క్యాసినో వాటా 5.26 శాతం. గంటకు 40 సార్లు చక్రం తిరుగుతుందనుకుని, ప్రతిసారీ 25 డాలర్లు కాస్తూ నాలుగు గంటలు ఆడితే కాసిన పందేలన్నీ కలిపి 4,000 డాలర్లవుతాయి, అందులో 5.26 శాతమంటే 210 డాలర్లు. ఆ మొత్తంలో పావు వంతో, మూడో వంతో, ఒక్కోచోట ఇంకాస్త ఎక్కువో బఫే భోజనంగా, గదిగా, ఫ్రీ ప్లేగా (ఉచితంగా ఆడుకోవడానికి ఇచ్చే మొత్తంగా) ఆటగాడికి తిరిగి వస్తుంది. అంటే దాదాపు అరవై డాలర్ల భోజనానికి 210 డాలర్ల అంచనా నష్టం ముందే కట్టి ఉంటుందన్నమాట.

ఇందులో మనవాళ్లు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. థియో అన్నది ఆ రాత్రి నిజంగా పోయిన డబ్బు కాదు, పోతుందని అంచనా వేసిన డబ్బు. అందుకే గెలిచి వెళ్లినవాడికి కూడా మరుసటి నెల గది ఇస్తామంటూ పిలుపు వస్తుంది. అతను దాన్ని తన అదృష్టానికి దక్కిన గౌరవంగా భావిస్తాడు. ఓడినవాడు మాత్రం ‘పోతే పోయింది, గది అయినా వచ్చింది కదా’ అని సర్దిచెప్పుకుంటాడు. ఇద్దరూ తిరిగి వస్తారు, ఇద్దరి పందేలూ మళ్లీ నమోదవుతాయి.

ఒక దంపతుల పత్రాలు చూస్తున్నప్పుడు ఆ ఇల్లాలు తాను దాచిన హోటల్ బిల్లులన్నీ తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి బిల్లులోనూ గది అద్దె, భోజనం ఖర్చు వరసగా వేసి, కింద అదే మొత్తాన్ని తీసివేసి, చివర బాకీ 0.00 అని ముద్రించి ఉంది. భర్త సరదాకు ఇంటి డబ్బు ఏమీ పోవడం లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఆ సున్నాలే. అదే ఏడాదికి క్యాసినో ఇచ్చిన గెలుపోటముల పత్రం మాత్రం ఆయన ఈమెయిల్‌లో, ఆమె ఎన్నడూ చూడని చోట ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టిన తర్వాత ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒకే సంస్థ, ఒకే ఖాతా మీద, ఇంటికి తీసుకువెళ్లే కాగితంలో సున్నా చూపించి, అసలు అంకెను అడిగితే తప్ప ఇవ్వకపోవడం న్యాయం కాదని నాకు అప్పుడే అనిపించింది.

ఆటగాళ్ల బాగోగులు చూసుకుంటూ, వాళ్లను మళ్లీ రప్పించే క్యాసినో ఉద్యోగులను హోస్టులు అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు చేసేది ఉద్యోగం. ఆటగాడి పుట్టినరోజు, పెళ్లిరోజు, పిల్లల చదువులు, ఇంట్లో ఎవరు శాకాహారులో కూడా గుర్తుపెట్టుకుని పలకరిస్తారు. ఆసియా దేశాల నుంచి వచ్చినవారి కోసం వారి భాషలు తెలిసిన హోస్టులను నియమించుకోవడం అక్కడ మామూలే. పరాయి దేశంలో పేరు పెట్టి ఆప్యాయంగా పలకరించే మనిషి దొరికితే మనసు కరగడం సహజం. కానీ చాలాచోట్ల హోస్టుకు వచ్చే బోనస్, అతని జాబితాలోని ఆటగాళ్ల థియో మీదే ఆధారపడి ఉంటుందన్న సంగతి ఆటగాడికి ఎవరూ చెప్పరు. కొన్ని వారాలు రాకపోతే ‘అంతా క్షేమమే కదా, శనివారానికి సూట్ ఖాళీగా ఉంచాను’ అంటూ వచ్చే ఫోను ఆ జాబితా చూసి చేసినదే.

క్యాసినోను గెలవడం కూడా సాధ్యమేనంటూ కొందరు డాన్ జాన్సన్ అనే జూదరి సంగతి చెబుతుంటారు. ఆయన 2011 వసంతం నాటికి కొద్ది నెలల వ్యవధిలో అట్లాంటిక్ సిటీలోని మూడు క్యాసినోల నుంచి బ్లాక్‌జాక్ అనే పేకాటలో సుమారు కోటి యాభై లక్షల డాలర్లు గెలిచిన మాట నిజం. అయితే ఆయన మర్యాదలు చూసి మురిసిపోయిన మనిషి కాదు. ఆర్థిక మాంద్యంలో పెద్ద ఆటగాళ్ల కోసం క్యాసినోలు అల్లాడుతున్నప్పుడు, పెద్ద నష్టం వస్తే అందులో 20 శాతం వెనక్కి ఇవ్వాలని, ఆట నిబంధనలు తనకు అనుకూలంగా మార్చాలని ముందుగా బేరమాడి, ప్రతి షరతునూ లెక్కగట్టిన తర్వాతే కూర్చున్నాడు. ఒక్కో ఆటకు లక్ష డాలర్ల దాకా కాయగలిగినవాడికి దొరికిన ఆ బేరం, పాతిక డాలర్ల పందెం కాసే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఎవరూ ఇవ్వరు.

ఇక నా విన్నపం. న్యూజెర్సీలో ప్రతి క్యాసినో తాను ఆటగాళ్లకు ఇచ్చిన గదులు, భోజనాలు, పానీయాలు, ప్రయాణ ఖర్చులు, ఫ్రీ ప్లే ఒక్కొక్కదానికీ ఎంత ఖర్చయిందో మూడు నెలలకోసారి రాష్ట్ర గేమింగ్ పర్యవేక్షణ విభాగానికి పట్టిక రూపంలో ఇస్తుంది. ఆ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. అంటే ప్రభుత్వానికి తెలుసు, సంస్థకు తెలుసు, వాటాదారులకు తెలుసు. తన థియో ఎంతో తెలియనివాడు ఆటగాడొక్కడే. అప్పు ఇచ్చేవాడు నిజంగా పడే వడ్డీ రేటు ఎంతో ముందుగా రాసి చూపించాలని ఈ దేశంలో 1968లోనే చట్టం చేశారు. అదే పద్ధతిలో, ఉచిత గది ఇస్తామని పంపే ప్రతి ఉత్తరంలోనూ, హోటల్ ఇచ్చే ప్రతి బిల్లులోనూ, ఆ ఆటగాడి మీద వేసిన నష్టపు అంచనా, ఆ ఏడాది అతను నిజంగా పోగొట్టుకున్న మొత్తం పక్కపక్కన ముద్రించాలి. ఆ అంకెలన్నీ ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి కాబట్టి దీనికయ్యే శ్రమ కూడా ఏమంత లేదు. ఇక్కడి తెలుగు సంఘాలు తమ శాసనసభ్యులను ఎన్నో విషయాల మీద కలుస్తుంటాయి; ఈ విన్నపం కూడా వారి ముందు పెట్టాలని కోరుతున్నాను.

అంతదాకా ఆగలేని కుటుంబాలకు ఇప్పుడే ఉన్న దారి ఒకటుంది. ఆటగాడు స్వయంగా తన పేరును రాష్ట్రపు స్వీయ నిషేధ జాబితాలో ఏడాదికి గాని, అయిదేళ్లకు గాని చేర్చుకుంటే, అతనికి పిలుపులు, కానుకలు పంపడం క్యాసినోలు ఆపివేయాలి. సలహా కోసం 1-800-426-2537 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి గోవా వెళ్లి మాండోవి నది మీది ఓడల్లో ఆడేవారికి కూడా ఈ లెక్క పనికివస్తుంది; ప్రవేశ రుసుములో భోజనం, పానీయాలు, కొన్ని చిప్స్ కలిపి ఇచ్చే ఆ ప్యాకేజీ వెనక కూడా ఇలాంటి అంచనాయే ఉంటుంది. కనుక ఇకమీదట ఇలాంటి ప్రయాణాల గురించి రాసినప్పుడల్లా, పైన నేను చూపిన నాలుగు గంటల రౌలెట్ లెక్క వంటిది ఒకటి ఆ వ్యాసం పక్కనే చిన్న పెట్టెలో వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ