అమ్మను మంచినీళ్ళు తాగనివ్వు

ఒరేయ్ శీనూ,

అమ్మను తీసుకుని రెండు రాత్రుల రైలు ప్రయాణం అని రాశావు. అది చదివినప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

పోయినేడాది మా అమ్మతో వెళ్ళినప్పటి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. రాత్రి అన్నం తిన్నాక నీళ్ళ సీసా ఇస్తే "దాహం లేదురా" అంది. తెల్లారి ఇచ్చినా అదే మాట. పెదాలు ఎండి పొట్టు లేస్తున్నాయి. దాహం లేక కాదురా, తాగితే బాత్రూంకి వెళ్ళాల్సొస్తుందని! మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేదు. కమోడ్ ఉన్నది ఒక్కటే, దానికి గడియ ఊడిపోయింది. చివరికి బయట నిలబడి తలుపు గుంజి పట్టుకున్నాను. బండి ఊగినప్పుడల్లా మగ్గు గొలుసు టకటకా కొట్టుకుంటోంది. "పట్టుకునే ఉన్నావా నాన్నా" అని లోపల్నుంచి అడుగుతూనే ఉంది. ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది.

స్లీపర్ బోగీలో డెబ్బైకి పైగా బెర్తులు, రెండు చివర్లా కలిపి నాలుగే బాత్రూములు. ఈ బాధ ఇప్పటిది కాదురా. 1909లో ఒఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు అహ్మద్‌పూర్ స్టేషన్లో అవసరానికి దిగితే, గార్డు ఈల వేసేశాడు. ఒక చేత్తో లోటా, ఇంకో చేత్తో ధోవతి పట్టుకుని పరిగెత్తి, పడిపోయి, జనం ముందు పరువు పోయిందని సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకు ఉత్తరం రాశాడు. అందరూ దాన్ని చదివి నవ్వుతారు. నాకు మాత్రం మా అమ్మే గుర్తొస్తుంది.

ఇప్పుడు బయో టాయిలెట్లు వచ్చాయి, అది నిజంగా పెద్ద మేలు. రైల్వే, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కలిసి చేసినవి. బోగీ కింద ట్యాంకులో బ్యాక్టీరియా మలాన్ని నీరుగా, గ్యాసుగా మార్చేస్తుంది. ఇదివరకు అంతా పట్టాల మీదే పడేది, ఆ మధ్యే ట్రాక్‌మెన్ వంగి పనిచేసేవాళ్ళు. కానీ సీసాలు, డైపర్లు, ప్యాడ్లు అందులో పడేస్తే పైపు పూడుకుపోతుంది. అప్పుడు కంపు భరించలేం. అందుకని అమ్మ దగ్గర ఓ కాగితం సంచి ఉంచు.

బెర్తు తలుపు పక్కన వద్దు, మరీ మధ్యలోనూ వద్దు. సబ్బు, చిన్న మగ్గు, జారని చెప్పులు మర్చిపోకు. నీళ్ళు రాకపోయినా, శుభ్రం లేకపోయినా మొహమాటపడకుండా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యి, పీఎన్ఆర్ నంబరు దగ్గర పెట్టుకో. నేను చేస్తే తర్వాతి పెద్ద స్టేషన్లో మనిషి వచ్చి కడిగి వెళ్ళాడు.

నీళ్ళు తాగమని నువ్వు చెబితే అమ్మ వినదు. బయల్దేరే ముందు రోజు నేనే ఫోన్ చేసి చెప్తాను, నా మాట వింటుంది.

నీ
రాజు